నాంపల్లి కోర్టు మెట్లెక్కే ముందు: అరెస్టు నుంచి తీర్పు దాకా క్రిమినల్ కేసు నడిచే దారి

క్రిమినల్ కేసులో చిక్కుకున్న మనిషి ఇంటివాళ్లు ప్రతి వాయిదాకూ ఒకే మాట మోసుకొస్తారు: “మావోడు ఏం చెయ్యలే వకీల్ సాబ్, జడ్జిగారికి ఆ ముచ్చట చెప్పండి.” అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట జడ్జి వినాల్సిన రోజు ఇంకా చాలా దూరంలో ఉంటుంది. రిమాండ్ నాడు జడ్జి ముందున్న ప్రశ్న వేరు, బెయిల్ నాడు వేరు, చార్జెస్ ఫ్రేమ్ చేసే నాడు (ఏ నేరాల మీద విచారణ జరగాలో ఖరారు చేసే రోజు) వేరు. నేరం చేశాడా లేదా అన్నది అన్నిటికన్నా చివర తేలేది. ఏ దశలో ఏ ప్రశ్న నడుస్తోందో తెలియక, డబ్బూ ఓపికా మొదటి నెలలోనే కరిగించేసి, అసలు సాక్ష్యం మొదలయ్యేసరికి చేతులెత్తేసే కుటుంబాలు ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో ఒక్కో దశలో జడ్జి ఏం చూస్తారు, డిఫెన్స్ లాయర్ ఏం చేయాలి, మీరు ఏం అందించాలి అన్నది వరసగా చెబుతాను. హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను.

ఒక్క విషయం ముందే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. అందువల్ల కోర్టు హాళ్లలో ఇప్పటికీ రెండు రకాల నంబర్లూ వినిపిస్తాయి. తికమక ఎక్కడ ఎక్కువంటే, పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే సెక్షన్. కొత్త సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. కేసు కొట్టివేత ఇప్పుడు 528లో ఉంది. పక్కింటాయన “ఫోర్ ఎయిటీ టూ వేయించు” అన్నాడంటే ఏ చట్టంలోదో అడగండి.

1. ముందు మూడు సంగతులు: క్రైం నంబరు, సెక్షన్లు, కోర్టు

ఫోన్ రాగానే ఎమ్మెల్యే దగ్గరుండే వాళ్ల నంబర్ల కోసం వెతకడం మన ఊరి అలవాటు. దానికన్నా ముందు స్టేషన్‌కు వెళ్లి ఈ మూడూ రాసుకోండి. ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఫిర్యాదు చేసినవారికైతే కాపీ ఉచితంగా ఇవ్వాలి.

క్రైం నంబరు పోలీసుది. చార్జ్‌షీట్ వేశాక కోర్టు తన నంబరు ఇస్తుంది. మేజిస్ట్రేటు విచారించే కేసైతే సీసీ నంబరు. సెషన్స్ కోర్టు విచారించాల్సిన హత్యలాంటి కేసైతే మొదట పీఆర్‌సీ నంబరు, సెషన్స్‌కు కమిట్ అయ్యాక, అంటే అక్కడికి పంపాక, ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు. వీటితోపాటు కోర్టు ఇచ్చే 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందీ కనిపిస్తుంది. లాయర్ ఆఫీసుకు రోజూ ఫోన్ చేసే బాధ తప్పుతుంది, ఆయనకూ సుఖం.

కోర్టు ఏదన్నది స్టేషన్‌ను బట్టి ఉంటుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టులు అందరికీ తెలుసు. అయితే నగరం పెరిగాక ఎల్బీనగర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి, మేడ్చల్, ఉప్పర్‌పల్లి, సికింద్రాబాద్ కోర్టులకూ కేసులు వెళ్తాయి. కమిషనరేట్ల హద్దులు మారుతుంటాయి కాబట్టి ఊహించుకోకుండా అడగడమే మేలు. అవినీతి, సీబీఐ, పోక్సో, ప్రజాప్రతినిధుల కేసులకు వేరే ప్రత్యేక కోర్టులున్నాయి. కొత్త చట్టం మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అనే పదవిని తీసేసి అందరినీ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లుగా మార్చింది. జనం నోట మాత్రం పాత పేరే ఉంది.

ఇక సెక్షన్లు. వాటిని చూడగానే అనుభవమున్న లాయర్ కేసు జాతకం సగం చెప్పేస్తాడు. బెయిలబులా కాదా, గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటుతుందా, మేజిస్ట్రేటు విచారిస్తారా సెషన్స్ జడ్జా, రాజీకి వీలుందా. మిగతా దశలన్నీ ఈ నాలుగింటి మీదే నడుస్తాయి.

2. నోటీసు వస్తే: భయమూ వద్దు, నిర్లక్ష్యమూ వద్దు

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టు అవసరం లేదనుకుంటే హాజరు కమ్మని నోటీసివ్వాలి. దీన్ని పాతవాళ్లు నలభై ఒకటి ఏ నోటీసు అంటారు, ఇప్పుడది సురక్షా సంహితలో 35(3). చీటింగ్, భార్యపై వేధింపులు, చిన్న దెబ్బలాటల కేసుల్లో ఎక్కువగా వచ్చేది ఇదే.

నోటీసు చేతికందితే చెప్పిన రోజున వెళ్లండి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ జాబితా రాసి రసీదు తీసుకోండి. వెళ్లిన రోజు, సమయం ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకోండి. “విచారణకు సహకరించడం లేదు” అని రేపు పోలీసులు బెయిల్‌ను వ్యతిరేకిస్తే ఆ పుస్తకమే జవాబు. తెల్లకాగితం మీద సంతకం చేయొద్దు. పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది.

వాట్సాప్‌లో నోటీసు పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకుని “మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు” అనేవాడు నూటికి నూరుపాళ్లూ దొంగే. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఫోన్ పెట్టేసి 1930కి చేయండి.

3. అరెస్టు, ఆ తర్వాతి 24 గంటలు

అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు ప్రవేశపెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హామీ. గొడవంతా ఆ గడియారం ఎప్పుడు మొదలైందన్న దగ్గరే. మనిషిని పొద్దున ఇంటి నుంచి తీసుకెళ్లి, సాయంత్రం అరెస్టు చూపించడం కొత్తేమీ కాదు. అందుకే ఇంటివాళ్లు ఆ క్షణం నుంచే ఆధారాలు పోగుచేయాలి. తీసుకెళ్లిన సమయానికి వీధిలోని సీసీ కెమెరా ఫుటేజీ, అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టరు, ఆ గంటలో మీరు ఎవరికి ఫోన్ చేశారో ఆ వివరాలు. కమిషనర్ కార్యాలయానికి ఒక ఈమెయిల్ పంపినా చాలు, తేదీ, సమయం దానంతట అదే నమోదవుతుంది.

అరెస్టు మెమో మీద ఇంటివాళ్లలో ఒకరో, ఆ ప్రాంతంలోని ఒక పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అరెస్టుకు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా, మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది. డిఫెన్స్ లాయర్ మొదట అడగాల్సిన కాగితం ఇదే. ఇది లేకపోతే రిమాండ్‌నే సవాలు చేయొచ్చు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయాలంటే మామూలుగా కుదరదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఇంటరాగేషన్ సమయంలో లాయర్‌ను కలవొచ్చు, మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు.

ఇక “ఒప్పేసుకున్నాడంట” అని టీవీలో స్క్రోలింగ్ చూసి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. ఒక్కటే మినహాయింపు: ఆ మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, దాన్ని చూపించినంత వరకు ఆ మాట కోర్టులో నిలుస్తుంది. ‘కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా’ అనే కాగితానికి అంత విలువ అందుకే. తర్వాత క్రాస్‌లో (సాక్షిని ఎదుటి లాయర్ ప్రశ్నించేటప్పుడు) ఎక్కువ దెబ్బలు తినేది కూడా అదే కాగితం.

ప్రెస్‌మీట్‌లో నిందితుల ముఖాలకు గుడ్డ కట్టడం వాళ్ల మీద జాలితో కాదు. గుర్తింపు పరేడ్ జరగాల్సి ఉంటే, సాక్షి ముందే ముఖం చూసేసినట్టయితే ఆ పరేడ్‌కు విలువ పోతుంది. మీవాడి ఫొటో పరేడ్‌కు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే ఆ పోస్టు తేదీతో సహా దాచిపెట్టండి.

4. రిమాండ్ నాడు జడ్జి చూసేది

ఉస్మానియాలోనో గాంధీలోనో వైద్య పరీక్ష అయ్యాక కోర్టుకు తెస్తారు. సెలవు రోజైతే, రాత్రయితే జడ్జి ఇంటికి. ఇక్కడ ప్రశ్నలు రెండే: ఈ మనిషిని కస్టడీలో ఉంచాల్సిన అవసరముందా, అరెస్టు పద్ధతి ప్రకారం జరిగిందా. సాధారణంగా జడ్జి నిందితుణ్ని నేరుగా అడుగుతారు. ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా, ఇంట్లోవాళ్లకు చెప్పారా, లాయర్ ఉన్నారా. అప్పుడు భయపడి తల అడ్డంగా ఊపితే, ఆర్నెల్ల తర్వాత “కొట్టారు” అన్న మాటకు బలం ఉండదు. దెబ్బ ఉంటే చూపించాలి, జడ్జి నమోదు చేస్తారు. ఈ ఒక్క ముక్క నిందితుడి చెవిన వేయడానికి లాయర్‌కు రెండు నిమిషాలు దొరికినా చాలు.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే రిమాండ్ దగ్గరే లీగల్ ఎయిడ్ అడగొచ్చు. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఇది 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఇచ్చిన హక్కు. రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో, న్యాయసేవా సదన్‌లో ఉంది. హెల్ప్‌లైన్ 15100. ఉచితం అనగానే నాసిరకం అనుకోవద్దు. రోజూ క్రిమినల్ కోర్టుల్లోనే తిరిగే లీగల్ ఎయిడ్ లాయర్‌కు, భూమి తగాదాలు తప్ప చూడని బంధువుల లాయర్ కన్నా ఈ పని బాగా తెలుస్తుంది.

జ్యుడీషియల్ రిమాండ్ అంటే చంచల్‌గూడ జైలో చర్లపల్లి జైలో. తర్వాత పోలీసు కస్టడీ కోసం పిటిషన్ వేస్తారు. మొత్తం 15 రోజులకు మించకూడదు. కొత్త చట్టం ప్రకారం ఆ 15 రోజులనూ నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకోవచ్చు. నా దృష్టిలో నిందితుడికి కొత్త చట్టం తెచ్చిన పెద్ద కష్టం ఇదే, ఎందుకంటే మళ్లీ కస్టడీ అడుగుతామన్న సాకుతో బెయిల్‌ను వ్యతిరేకించే వీలు దొరికింది.

5. బెయిల్

బెయిలబుల్ నేరమైతే బెయిల్ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. నాన్‌బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాల్లో మేజిస్ట్రేటు సాధారణంగా ఇవ్వలేరు. సెషన్స్‌కు వెళ్లాలి, అక్కడ కాదంటే నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకు. మత్తుమందుల కేసుల్లో వాణిజ్య పరిమాణం (చట్టం పెట్టిన హద్దుకు మించిన సరుకు) దొరికిందంటే షరతులు చాలా కఠినం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ముందస్తు బెయిల్‌కు నిషేధం ఉంది.

బెయిల్ విచారణలో జడ్జి తూచేవి ఇవి: పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్లీ అదే పని చేస్తాడా, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఆరోపణ ఎంత తీవ్రం. “ఏం చెయ్యలేదు” అన్న వాదన ఇక్కడ కొంచెమే పనిచేస్తుంది. కాబట్టి మీరు అందించాల్సింది ఈ ప్రశ్నలకు జవాబిచ్చే కాగితాలు. ఇంటి కరెంటు బిల్లు, పిల్లల స్కూలు ఫీజు రసీదు, ఉద్యోగ ధ్రువపత్రం, తల్లిదండ్రుల వైద్య రికార్డులు, నోటీసులకు హాజరైన రుజువులు. పాత కేసులుంటే లాయర్ దగ్గర దాచొద్దు. పీపీ (ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్) స్టేషన్ నుంచి వివరాలు తెప్పించుకుని కోర్టులో చదివినప్పుడు, మీ లాయర్‌కు అది మొదటిసారి వినడమైతే ఆ పిటిషన్ అక్కడే చచ్చిపోతుంది. ఇంతకుముందు వేసిన బెయిల్ పిటిషన్ల వివరాలు కూడా తప్పక రాయాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

“పొద్దున వేశాం, సాయంత్రం వస్తదా?” అని అడుగుతారు. సాధారణంగా రాదు. పిటిషన్‌కు నంబరు పడాలి, పీపీకి నోటీసు వెళ్లాలి, ఆయన స్టేషన్ నుంచి వివరాలు తెప్పించుకోవాలి, కౌంటర్ వేయాలి, వాదనలు జరగాలి, ఆర్డర్లకు ఒక తేదీ పడాలి. ఈ మధ్యలో జడ్జి సెలవు పెడితే ఇన్‌చార్జి కోర్టు.

ఆర్డర్ వచ్చిందంటే మనిషి బయటకొచ్చినట్టు కాదు. జామీను పడాలి, కాగితాలు జైలుకు చేరాలి. 2024 డిసెంబరు 13న ఒక ప్రముఖ నటుడికి హైకోర్టు అదే సాయంత్రం మధ్యంతర బెయిల్ ఇచ్చినా, ఆయన చంచల్‌గూడ జైలు నుంచి బయటకొచ్చింది మర్నాటి ఉదయమే. సామాన్యుడు రెండు మూడు రోజులు పడుతుందనుకుని సిద్ధపడాలి.

జామీను దగ్గరే ఎక్కువ మంది ఇరుక్కుంటారు. ఉదాహరణకు 25 వేల చొప్పున ఇద్దరు జామీనుదారులు అన్నారనుకోండి. ఆస్తి పన్ను రసీదో, జీతం ధ్రువపత్రమో, ఆధార్, ఫొటోలతో వాళ్లు స్వయంగా రావాలి. ఇంకా ఎవరెవరికి జామీను ఉన్నారో చెప్పాలి. “ష్యూరిటీలు మేం చూస్తం అన్నా, పైసలియ్యి చాలు” అని కోర్టు ఆవరణలో తిరిగేవాళ్ల జోలికి పోవద్దు. ఆ కాగితాలు దొంగవని తేలితే బెయిల్ పోవడమే కాదు, కొత్త కేసు పడుతుంది. జామీనుదారులు దొరకకపోతే నగదు డిపాజిట్‌కు అనుమతించమని, మొత్తం తగ్గించమని కోర్టును అడగొచ్చు. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాని ఖైదీ సంగతి జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు. ఈ ఆదేశం సంగతి చాలామంది ఖైదీల ఇళ్లకు చేరలేదు.

షరతుల్లో ‘ప్రతి సోమవారం స్టేషన్‌లో సంతకం’ లాంటిది ఉంటే ఒక్కటి కూడా తప్పించొద్దు. ఉద్యోగానికి ఇబ్బందైతే సడలింపు పిటిషన్ వేయాలి, మానేయడం కాదు.

6. అరవయ్యో రోజు, తొంభయ్యో రోజు

దర్యాప్తు పూర్తిచేసి చార్జ్‌షీట్ వేయడానికి గడువుంది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. కొన్ని ప్రత్యేక చట్టాల్లో ఇంకా ఎక్కువ. గడువు దాటితే బెయిల్ హక్కుగా వస్తుంది, కేసు బలాబలాలతో పని లేదు. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండ్ చేసిన రోజు నుంచి, ఆ రోజును కూడా కలుపుకుని. అయితే అడగాలి. పిటిషన్ వేసేలోపు చార్జ్‌షీట్ పడిపోతే ఆ హక్కు పోయినట్టే. డిఫెన్స్ లాయర్ గడువు ముగిసిన మర్నాడు కోర్టు తలుపు తీసేసరికి పిటిషన్‌తో నిలబడాలి. మీరు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర గీత గీసి, వారం ముందే ఆయనకు గుర్తుచేయండి. చిన్నబుచ్చుకోరు.

బెయిల్ రాకుండా ఏళ్లు గడిచినవారికి సురక్షా సంహిత 479వ సెక్షన్ ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిచిపోతే, అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడో వంతు గడిస్తే, విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవారికీ ఇది వర్తించదు.

7. లాయర్‌ను ఎంచుకోవడం, లాయర్‌తో మెలగడం

ఈ మాట ముందే చెప్పాల్సింది, కానీ నిజానికి చాలామంది మంచి లాయర్ గురించి ఆలోచించేది బెయిల్ వచ్చాకే.

ఆ కోర్టులో రోజూ కనిపించే మనిషిని చూసుకోండి. అడగాల్సినవి కొన్నున్నాయి. వాయిదాకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా? క్రాస్ ఎవరు చేస్తారు? ఫీజు బెయిల్ వరకా, విచారణ మొత్తానికా, అప్పీలు వేరా? “గ్యారంటీగా కొట్టేయిస్తా” అన్నవారి దగ్గర్నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. జడ్జిగారికి తెలిసినవాళ్లున్నారు, ఇంత ఇస్తే అయిపోతుంది అన్నవాడు మీ డబ్బు తినడమే కాదు, మిమ్మల్ని ఇంకో కేసులో ముంచుతాడు.

లాయర్‌కు నిజం చెప్పండి, ఇబ్బందికరమైనదైనా. మీరు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు, ఆ గోప్యతను చట్టం కాపాడుతుంది. ‘నేరం చేసినవాడి తరఫున ఎలా వాదిస్తారు’ అని మన ఫంక్షన్లలో లాయర్లను నిలదీసేవాళ్లుంటారు. డిఫెన్స్ లాయర్ పని అబద్ధం చెప్పడం కాదు. ప్రాసిక్యూషన్ తన బాధ్యత నెరవేర్చిందా లేదా అని ప్రతి కాగితాన్నీ నొక్కి చూడటం. ఆ పని ఎవరూ చేయకపోతే పోలీసులు రాసిందే తీర్పవుతుంది.

8. చార్జ్‌షీట్ చేతికొచ్చాక

నిందితుడు హాజరైన 14 రోజుల్లోగా ఎఫ్‌ఐఆర్, వాంగ్మూలాలు, పంచనామాలు, పత్రాల కాపీలన్నీ ఉచితంగా ఇవ్వాలి. వాటిని లాయర్‌కు అప్పగించి ఊరుకోకండి. జరిగినదేమిటో తెలిసినవాడు నిందితుడే. ప్రతి సాక్షి వాంగ్మూలం పక్కన ‘ఇతను ఆ రోజు ఊళ్లో లేడు’, ‘ఆ షాపుకు వెనక తలుపే లేదు’ వంటివి రాసివ్వండి. జాబితాలో ఎల్‌డబ్ల్యూ అని ఉన్నవాళ్లు పోలీసులు చూపిన సాక్షులు. కోర్టులో సాక్ష్యం చెప్పాక పీడబ్ల్యూ అవుతారు. ఎల్‌డబ్ల్యూలో ఉండి పీడబ్ల్యూ కాని ముఖ్య సాక్షి ఎవరో చూడండి. అతన్ని ఎందుకు వదిలేశారన్నది మంచి ప్రశ్న.

మీవాడు ఆ సమయంలో వేరే చోట ఉన్నాడంటే, అక్కడి కెమెరా ఫుటేజీ కొద్ది వారాల్లోనే చెరిగిపోతుంది. చార్జ్‌షీట్ దాకా ఆగకుండా షాపు యజమానికి లిఖితపూర్వకంగా రాసి, కోర్టు ద్వారా తెప్పించే పిటిషన్ వేయించండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఇది పోలీసుల ఫుటేజీకీ వర్తిస్తుంది. సర్టిఫికెట్ లేని పెన్‌డ్రైవ్ మీద అభ్యంతరం అది మార్క్ అయ్యే (సాక్ష్యంగా కోర్టు రికార్డులో చేరే) రోజే చెప్పాలి.

చార్జెస్ ఫ్రేమ్ చేసే ముందు డిశ్చార్జి పిటిషన్ (విచారణ లేకుండానే కేసు నుంచి తప్పించమని) వేయొచ్చు, 60 రోజుల గడువులో. ఇక్కడ జడ్జి నేరం రుజువైందా అని చూడరు. పోలీసుల కాగితాలన్నీ నిజమే అనుకున్నా కేసు నిలబడుతుందా అని మాత్రమే చూస్తారు. అందుకే మీ ఆధారాలతో ఇక్కడ గెలవడం కష్టం. ఎఫ్‌ఐఆర్‌లో పేరే తప్ప చేసిన పనేమీ లేని మరిదికీ, ఆడపడుచుకూ మాత్రం ఇది మంచి దారి. రాజీకి వీలున్న కేసైతే లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. చట్టప్రకారం రాజీకి వీల్లేకపోయినా ఇరువర్గాలూ కలిసిపోయిన వ్యక్తిగత తగాదాలను హైకోర్టు కొట్టివేయగలదు. 2012లో జ్ఞాన్ సింగ్ కేసు దానికి దారి చూపింది. హత్య, అత్యాచారాలకు ఆ దారి లేదు.

9. సాక్ష్యం: అసలు కేసు ఇక్కడే

ఇన్నాళ్లూ మీరు చెప్పాలనుకున్న మాట చోటుచేసుకునేది ఈ దశలోనే. అదీ మీ నోటి నుంచి కాదు, ఎదుటి సాక్షుల నోటి నుంచి.

ముందు పీపీ తన సాక్షిని ప్రశ్నిస్తారు, దాన్ని చీఫ్ అంటారు. తర్వాత మీ లాయర్ క్రాస్. సినిమాల్లోలా గద్దించడం ఇక్కడ పనికిరాదు. మంచి క్రాస్ చూడ్డానికి చప్పగా ఉంటుంది. సాక్షి పోలీసులకు చెప్పినదానికీ, కోర్టులో చెప్పినదానికీ తేడాను ఒక్కొక్కటిగా బయటికి లాగుతుంది. ఉదాహరణకు పోలీసుల దగ్గర “ఇద్దరు బైకు మీద వచ్చారు” అన్న సాక్షి, కోర్టులో “ఏ-3 (మూడో నిందితుడు) కూడా కత్తితో ఉన్నాడు” అంటాడు. లాయర్ పాత వాంగ్మూలంలో ఆ వాక్యం లేదని సాక్షికి చూపించి నమోదు చేయిస్తాడు. అక్కడితో పని అయిపోలేదు. వాంగ్మూలం రాసిన దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు “ఆ సాక్షి నాకు అలా చెప్పలేదు” అని ఆయన చేత కూడా చెప్పించాలి. ఈ రెండో అడుగు మరిచిపోతే మొదటిదాని ఫలితం చాలావరకు గాల్లో కలిసిపోతుంది.

చిన్న చిన్న తేడాలన్నీ పట్టుకుని గంటసేపు లాగే క్రాస్‌ను జడ్జిలు ఇష్టపడరు. చొక్కా రంగు తప్పు చెప్పాడనో, ఏడింటికి బదులు ఏడుంపావు అన్నాడనో కేసులు కొట్టేయరు. కేసు మూలాన్ని తాకే తేడా కావాలి. ఎఫ్‌ఐఆర్ ఎందుకు ఆలస్యమైంది, గాయానికీ ఆయుధానికీ పొంతన ఉందా, చీకట్లో అంత దూరం నుంచి ముఖం ఎలా కనిపించింది, పంచ్ సాక్షి నిజంగా అక్కడున్నాడా, స్టేషన్‌లో కూర్చుని సంతకం పెట్టాడా.

సాక్షి ప్రాసిక్యూషన్‌కు ఎదురు తిరిగితే హాస్టైల్ అని ప్రకటించి పీపీయే క్రాస్ చేస్తారు. హాస్టైల్ అయినంత మాత్రాన అతని సాక్ష్యం మొత్తం చెరిగిపోదు, నమ్మదగిన భాగాన్ని జడ్జి తీసుకోవచ్చు. ఇంకో హెచ్చరిక. సాక్షి ఇంటికి మీరు గానీ, మీ బావమరిది గానీ ‘మాట్లాడటానికి’ వెళ్లొద్దు. బెయిల్ రద్దు కావడానికి అది చాలు.

జడ్జి మౌనంగా రాయించుకుంటున్నారంటే నమ్మేస్తున్నారని కాదు. ఎప్పుడైనా ఏ ప్రశ్నైనా అడిగే అధికారం ఆయనకుంది. సాక్షి తడబాటు, తప్పించుకునే తీరు కూడా నమోదు చేయొచ్చు. సాక్ష్యం మీకు అర్థం కాని భాషలో నడిస్తే వివరించమని అడగడం హక్కు.

వాయిదాల గురించి. రెండుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని సురక్షా సంహిత 346వ సెక్షన్ అంటుంది. అయినా సాక్షి రాడు, దర్యాప్తు అధికారి బందోబస్తులో ఉంటాడు, రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి రిపోర్టు రాదు, జడ్జి బదిలీ అవుతారు. మీరు మాత్రం ప్రతి వాయిదాకూ పదిన్నరకల్లా హాలు బయట ఉండండి. పేరు పిలిచినప్పుడు లేకపోతే ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంటు) వస్తుంది. రాలేని రోజు లాయర్ ముందే గైర్హాజరు పిటిషన్ వేయాలి. వారెంటు వచ్చేసిందని తెలిస్తే దాక్కోకండి. వెంటనే కోర్టుకెళ్లి రీకాల్ చేయించుకోవడం తేలిక, ట్రాఫిక్ చెకింగ్‌లో దొరికిపోవడం కష్టం.

10. నిందితుడి వంతు, వాదనలు, తీర్పు

ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక సురక్షా సంహిత 351 కింద జడ్జి నిందితుణ్ని నేరుగా ప్రశ్నిస్తారు. ప్రమాణం ఉండదు. చాలామంది అన్నిటికీ ‘తెలియదు, అబద్ధం’ అని ముగిస్తారు. అది పెద్ద అవకాశాన్ని వదులుకోవడమే. దొంగసొత్తు మీ దుకాణంలో దొరికితే అది ఎలా వచ్చిందో చెప్పడానికి ఇదే చోటు. లిఖితపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. తర్వాత డిఫెన్స్ సాక్షులు. ప్రాసిక్యూషన్ కేసు అప్పటికే కుంటుతుంటే అనవసరంగా సాక్షిని ఎక్కించి పీపీ చేతికి అందించొద్దని అనుభవజ్ఞులు అంటారు. నేనూ అదే అంటాను.

వాదనల నాడు జడ్జి ముందున్న ప్రశ్న ఇప్పుడు మీరు మొదటి రోజు నుంచీ అడిగించాలనుకున్నదే, కానీ కొంచెం తేడాతో. ‘చేశాడా’ అని కాదు, ‘సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా రుజువైందా’ అని. చేసి ఉండొచ్చు అనిపించడం చాలదు. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో నిలవదు.

తీర్పు రోజు జామీనుదారులను వెంట తీసుకెళ్లండి. శిక్ష పడుతుందని కాదు. మూడేళ్లలోపు శిక్ష పడి, అప్పటికే బెయిల్ మీద ఉన్న మనిషికి అప్పీలు వేసుకునేందుకు ఆ కోర్టే శిక్ష నిలిపేసి బెయిల్ ఇవ్వొచ్చు. జామీనుదారులు వరంగల్‌లో ఉంటే ఆ రాత్రి జైల్లోనే. విడుదలైనా, పై కోర్టుకు పిలిస్తే వస్తానని ఆరు నెలల బాండు ఇవ్వాల్సి ఉంటుంది. దోషిగా తేలితే శిక్ష మీద విడిగా వింటారు. తొలి నేరం, వయసు, పోషించాల్సిన కుటుంబం చూపి 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని వర్తింపజేయమని అడగాలి. జైలుశిక్ష పడినవారికి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్‌కు 30 రోజుల్లో, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు చేయాలి. విడుదల తీర్పు మీద ప్రభుత్వమూ, బాధితులూ అప్పీలుకు వెళ్లొచ్చు.

కేసు కొట్టేశాక కూడా కొన్ని పనులు మిగులుతాయి. తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. పాస్‌పోర్టుకు, ఉద్యోగంలో వెరిఫికేషన్‌కు అవి అడుగుతారు. స్వాధీనం చేసుకున్న ఫోన్, బండి, అప్పగించిన పాస్‌పోర్టు తిరిగి ఇవ్వమని పిటిషన్ వేయాలి. అప్పీలు గడువు ముగిశాక జామీనుదారుల కాగితాలను కూడా కోర్టు నుంచి అడిగి తెచ్చి వాళ్ల చేతికివ్వండి.